హైడ్రాంజియాకి కత్తెర పెట్టే ముందు: పిన్నితో ఒక ఎపిసోడ్

నేను: అందరికీ నమస్కారం. ఈ వారం మనతో మా పిన్ని ఉంది. అమెరికాలో మినెసోటాలో 19 ఏళ్లుగా ఉంటోంది. మైనస్ 25 డిగ్రీల చలి చూసే ఊళ్లో హైడ్రాంజియాలు, అదే పెద్ద పెద్ద గుత్తులుగా పూసే పొదలు, పెంచుతోంది. పిన్నీ, మైక్‌కి కొంచెం దగ్గరగా జరుగు.

పిన్ని: ఇదిగో, జరిగాను. వినిపిస్తోందా?

నేను: బాగా వినిపిస్తోంది. ముందు నా గోడు చెప్పుకుంటా. న్యూజెర్సీలో మేము ఇల్లు కొని రెండేళ్లయింది. గుమ్మానికి అటొకటి ఇటొకటి హైడ్రాంజియా పెట్టాను, మళ్లీ మళ్లీ పూసే రకమని చూసి మరీ కొన్నాను. మొదటి ఏడాది బాగానే పూశాయి. ఈ ఏడాది జూలై సగం అయిపోయినా ఒక్క పువ్వు లేదు.

పిన్ని: ఆకులు మాత్రం తమలపాకుల్లా నిగనిగలాడుతూ ఉంటాయి.

నేను: అవును! నీకెలా తెలుసు?

పిన్ని: కిందటి అక్టోబర్‌లో కత్తిరించావా?

నేను: కత్తిరించాను. చలికాలం వస్తోంది కదా అని జానెడు ఎత్తు ఉంచి మిగతాదంతా కొట్టేశాను. తెనాలిలో అమ్మమ్మ మల్లెచెట్టుకి చేసేది చూడలేదూ? సంక్రాంతి వెళ్లగానే ఆకు దూసేసి, కొమ్మలు కత్తిరించి, నీళ్లు తగ్గించేసేది. ఎండలు ముదిరేసరికి బుట్టల కొద్దీ మొగ్గలు.

పిన్ని: నేనూ సరిగ్గా అదే చేశాను. మా మొదటి పొద మూడేళ్లు పువ్వు చూపించలేదు. మనం కత్తెర పట్టడం నేర్చుకున్నదే మల్లె దగ్గరా గులాబీ దగ్గరా. మల్లె కొత్త చిగురు చివర మొగ్గ తొడుగుతుంది. అందుకే ఎంత కత్తిరిస్తే అంత పూత. నీ దగ్గరున్న పెద్దాకుల హైడ్రాంజియాది వేరే లెక్క. ఆగస్టు చివర్లో పగళ్లు తగ్గి రాత్రులు చల్లబడటం మొదలవగానే వచ్చే ఏటి పువ్వుని ఇప్పటి కొమ్మ చివర్లోనే కట్టేసుకుంటుంది. అక్టోబర్ వచ్చేసరికి ఆ పని అయిపోతుంది. నువ్వు ఎండుకొమ్మలు అనుకుని కొట్టేసినవి ఈ ఏటి జూన్ పువ్వులు.

నేను: అయ్యో. మరి కొత్త కొమ్మకీ పూస్తుందనే కదా ఈ రకం కొన్నది?

పిన్ని: పూస్తుంది. అది అబద్ధం కాదు. ఈ రకం కథ మా ఊరి పక్కదే, చెప్పనా? ఇక్కడ సెయింట్ పాల్ దగ్గర బెయిలీ నర్సరీస్ అని ఉంది, 1905 నుంచీ ఉంది. జార్జియా యూనివర్సిటీలో చెట్ల గురించి చెప్పే ప్రొఫెసర్ మైకేల్ డర్ 1998లో వాళ్ల పొలాలు చూడ్డానికి వచ్చారు. పాత కొమ్మలు చలికి చచ్చిపోయే ఈ నేలలో ఒక హైడ్రాంజియా వరస నిండా పువ్వులు కనిపించాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆ ఏడాదే వచ్చిన కొమ్మల మీద పూస్తున్నాయి. అదే 2004లో ఎండ్‌లెస్ సమ్మర్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇంత చలి ఊళ్లో మా వాకిట్లో గుత్తులు గుత్తులుగా హైడ్రాంజియా పూస్తోందంటే ఆ మొక్క పుణ్యమే. నాకు దాని మీద ఎంత ప్రేమో చెప్పలేను.

నేను: నీ గొంతులోనే తెలుస్తోంది.

పిన్ని: కానీ చూడు, ఆ మొక్కకి రెండు పంటలు. పాత కొమ్మది జూన్ పంట. కొత్త కొమ్మది ఆగస్టు, సెప్టెంబర్ పంట. పాత కొమ్మ కొట్టేస్తే మొదటి పంట పోయినట్టే. రెండోది రావాలంటే నేలలోంచి లేచిన కొమ్మ మోకాలెత్తు దాటాలి, దానికి టైమ్ పడుతుంది. ఇంకా జూలైయే, ఆశ వదులుకోకు. పచ్చికకి వేసే ఎరువు ఆ చుట్టుపక్కల ఏమైనా పడుతోందా?

నేను: గడ్డి పనికి వచ్చేవాళ్లు వసంతంలో ఒకసారి, జూన్‌లో ఒకసారి చల్లి వెళ్తారు. గుమ్మం దాకా పచ్చికే.

పిన్ని: అదీ సంగతి. పచ్చిక ఎరువులో ఎక్కువ నైట్రోజనే. ఆ తిండి తిన్న హైడ్రాంజియా ఆకులు వేసుకుంటూ పోతుంది, మొగ్గ సంగతే మర్చిపోతుంది. చుట్టూ రెండడుగులు వదిలేయమని చెప్పు. మొక్కకి ఏప్రిల్ చివర్లో ఒక్కసారి, నెమ్మదిగా కరిగే గుళికల ఎరువు గుప్పెడు చాలు. జూలై దాటాక ఏమీ వేయకు. అప్పుడు వేస్తే లేత చిగుళ్లు వస్తాయి, మొదటి మంచుకే మాడిపోతాయి.

నేను: వీడియోల్లో ఒకాయన మార్చిలో సగానికి కత్తిరించమంటాడు, ఇంకొకావిడ అస్సలు ముట్టుకోవద్దంటుంది. ఎవరిది నిజం?

పిన్ని: ఇద్దరిదీ. చెట్లే వేరు. లైమ్‌లైట్ అని కోన్ ఆకారంలో పూసేది, అనబెల్ అని తెల్లటి బంతుల్లా పూసేది, ఈ రెండూ కొత్త కొమ్మకే పూస్తాయి. వాటిని మార్చిలో నిక్షేపంగా కత్తిరించుకోవచ్చు. నీలం, గులాబీ బంతులు పూసే పెద్దాకుల రకానికి ఆ మాట వర్తించదు. అన్నిటినీ హైడ్రాంజియా అనేస్తాం కదా, అక్కడే వస్తుంది తంటా. కత్తెర తీసే ముందు నీ మొక్క ఏ రకమో తెలుసుకో. లేబుల్ దాచుకో.

నేను: లేబుల్ డ్రాయర్‌లో ఉంది, పారేయలేదు. మరి దీన్ని ఎప్పుడూ కత్తిరించకూడదా?

పిన్ని: మేలో చచ్చిన కొమ్మలు తీసెయ్యాలి. తొందరపడకు. ఏప్రిల్‌లో కొమ్మలన్నీ పుల్లల్లా కనిపిస్తాయి, చేతులు దురద పెడతాయి. ఆగు. ఆకు విప్పడం మొదలయ్యాక కొమ్మ కొమ్మకీ గోటితో కొంచెం గీరి చూడు. తొక్క కింద లేత ఆకుపచ్చ కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకో రెండంగుళాలు కిందకి వెళ్లి గీరు. అలా దిగుతూ దిగుతూ ఒకచోట పచ్చదనం తగులుతుంది. అక్కడ కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు లావుపాటి మొగ్గలుంటాయి, శనగగింజంత. వాటికి కొంచెం పైన కత్తిరించు. నేను ప్రతి మేలో ఒక ఆదివారం మోకాళ్ల కింద చిన్న దిండు వేసుకుని ఇదే పని మీద కూర్చుంటాను. పచ్చ తగిలినప్పుడల్లా ఎంత సంతోషమో.

నేను: మా దగ్గర నీ అంత చలి ఉండదుగా. కత్తిరించకపోతే చాలా?

పిన్ని: మీకు జనవరి కన్నా ఏప్రిలే ప్రమాదం. మార్చిలో నాలుగు రోజులు వెచ్చగా ఉంటుంది, మొగ్గ కళ్లు తెరుస్తుంది, ఏప్రిల్ రెండో వారంలో ఒక రాత్రి మంచు పడుతుంది. తెల్లారేసరికి మొగ్గలు ఉడికించిన పాలకూరలా నల్లగా వాలిపోతాయి. ఫోన్‌లో రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గర కనిపిస్తే సాయంత్రమే పాత దుప్పటి కప్పు, పొద్దున్నే తీసెయ్. ప్లాస్టిక్ షీట్ వద్దు, అది ఆకుకి తగిలిన చోటల్లా మాడుతుంది. మా దగ్గరైతే నవంబర్ చివర్లో థ్యాంక్స్‌గివింగ్ వేళకి నేల గడ్డకట్టడం మొదలవగానే పొద చుట్టూ కోళ్ల గూడు జాలీ కట్టి, లోపల ఓక్ ఆకులు నింపుతాను. కొమ్మల కింది సగమైనా బతుకుతుంది. ఏప్రిల్ చివర్లో ఒకేసారి తియ్యను, వారానికి కొంచెం చొప్పున తీస్తాను.

నేను: ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. రంగు.

పిన్ని: నీవి ఏ రంగు పూశాయి?

నేను: నీలం. లేబుల్ మీద గులాబీ బొమ్మ ఉంది. వేరే మొక్క అంటగట్టారేమో అనుకున్నా.

పిన్ని: అంటగట్టలేదు. మీ మట్టిలో ఆమ్లం ఉంది. రంగు పువ్వుదే కానీ దాన్ని నీలంగా మార్చేది అల్యూమినియం. పీహెచ్ అంటే ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. మట్టి పీహెచ్ 5.5 కన్నా తక్కువుంటే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరుకి అందుతుంది, నీలం. 6.5 దాటితే మట్టిలో ఉన్నా అందదు, గులాబీ. మధ్యలో ఉంటే ఊదా, ఒకే గుత్తిలో రెండు రంగులు కూడా వస్తాయి. తెల్లరకాలు మాత్రం ఏం చేసినా మారవు. మా మట్టికి సున్నం గుణం ఎక్కువ, నావి గులాబీలే.

నేను: నీలం కోసం కాఫీ పిప్పి, తుప్పు మేకులు వేయమంటారు.

పిన్ని: కాఫీ పిప్పిలో ఆమ్లం దాదాపు కాచినప్పుడే వెళ్లిపోతుంది. మేకుల్లో ఉండేది ఇనుము, మనకి కావలసింది అల్యూమినియం. నిజంగా కావాలంటే అల్యూమినియం సల్ఫేట్ ఒక టేబుల్ స్పూన్ గాలన్ నీళ్లలో కలిపి, ముందు మామూలు నీళ్లతో తడిపిన మొక్క మొదలు దగ్గర పోయాలి. రెండుమూడేళ్ల మొక్కకే పోయాలి, లేతదానికి వేరు కాలుతుంది. మట్టి పరీక్ష చేయించకుండా మొదలుపెట్టొద్దు. నా మటుకు నేను మానేశాను. ఏ మట్టి ఏ రంగిస్తే అదే ముద్దు.

నేను: మధ్యాహ్నం రెండింటికి మొక్క మొత్తం వాలిపోతోంది. టెన్షన్ వచ్చి నీళ్లు పోసేస్తున్నాను.

పిన్ని: పోసెయ్యకు. అంత పెద్ద ఆకులు కదా, వేరు తాగే దానికన్నా ఎక్కువ నీరు ఎండలో ఆవిరవుతుంది. సాయంత్రానికి అదే లేస్తుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడు. తడి తగిలితే వదిలెయ్. పొడిగా ఉంటే మొక్క మొదలు దగ్గర నెమ్మదిగా, ఎక్కువసేపు పట్టించు. పొద్దున్నే వాలి ఉంటే మాత్రం అప్పుడు కంగారు పడాలి. నీ గుమ్మం ఏ దిక్కు?

నేను: తూర్పు. వాస్తు చూసే కొన్నాం.

పిన్ని: చాలా బాగుంది! పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. దానికి సరిగ్గా కావలసింది అదే. మొక్క మొదలు చుట్టూ మూడంగుళాలు ఎండాకో చెక్కపొట్టో పరువు, కాండానికి ఆనకుండా.

నేను: అమ్మ తెనాలి నుంచి అడుగుతోంది, ఇంటికి ఒకటి తెప్పించుకుంటానని.

పిన్ని: అక్కకి నేను చెప్తాలే. ఊటీలో, కొడైకెనాల్‌లో నీలం బంతులు చూసి వచ్చిన ప్రతివాళ్లకీ ఆశ పుడుతుంది. అది కొండ చల్లదనం. మే నెల తెనాలి ఎండకి ఈ ఆకు నిలవదు, రాత్రి కూడా చల్లబడదాయె. డబ్బు పోతుంది, మనసు కష్టపడుతుంది. అక్క పెరట్లో ముద్దమందారం, నందివర్ధనం ఉన్నాయి. వాటిని చూసి నేనిక్కడ అసూయపడుతుంటాను.

నేను: మీ ఇంట్లో వినాయకచవితికి ఈ పువ్వులే పెడతావు కదా?

పిన్ని: ఆ రెండో పంట సరిగ్గా చవితికే అందుతుంది. పీటకి రెండు పక్కలా రెండు గుత్తులు. వాసన ఉండదు కానీ ఎంత నిండుగా ఉంటుందో. ఒక్క జాగ్రత్త. ఆకు, మొగ్గ, పువ్వు అన్నిట్లోనూ విషముంది, నైవేద్యం పళ్లెంలో పెట్టకు, కేకు మీద అలంకరించకు. కుక్క ఉన్న ఇళ్లయితే రాలిన ఆకులు ఏరేయాలి. ఆ తర్వాత పక్కింటి వరంగల్ వాళ్లు బతుకమ్మకి అడుగుతారు. తంగేడు, గునుగు ఇక్కడెక్కడ దొరుకుతాయి? చామంతుల మధ్య ఒక వరస వీటితో పేరుస్తారు.

నేను: సెప్టెంబర్ చివర్లో కోస్తావా? వచ్చే ఏటి మొగ్గలు అప్పుడే కడతాయన్నావు.

పిన్ని: అందుకే వాళ్లని కోసుకోనివ్వను. కత్తెర నేనే పట్టుకుంటాను. పువ్వు కింద బారెడు కాడ తీయకూడదు. గుత్తి వెనక మొదటి జత ఆకులుంటాయి చూడు, వాటికి పైనే తుంచాలి, కాడ రెండంగుళాలు రావాలి, అంతే. బతుకమ్మకి అంత కాడ చాలు, కింద ఉన్న మొగ్గకి దెబ్బ తగలదు. అక్టోబర్ వచ్చాక మిగిలిన పువ్వుల్ని కొమ్మ మీదే ఎండనిస్తాను. మంచు ఆ ఎండిన బంతుల మీద పడి ఆగుతుంది, మొగ్గకి గొడుగు పట్టినట్టు.

నేను: ఇదిగో, మాట్లాడుతూనే బయటికి వచ్చాను పిన్నీ. నువ్వు చెప్పినట్టు ఆకులు పక్కకి జరిపి చూస్తున్నా. కొత్త కొమ్మ చివర్లో ఏదో ఉంది. చిన్న బ్రోకలీ ముక్కలా, ఆకుపచ్చగా, నా బొటనవేలి గోరంత.

పిన్ని: ఏదీ, ఫొటో పంపు.