చూశాక ఇవ్వండి మాత్ర

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. నాకిచ్చిన పది నిమిషాల్లో మూడు శాలువాకే పోయాయి. ఈ రోజు నవంబరు 17, నెలలు నిండకుండా పుట్టే బిడ్డల దినం కదా, అలాంటి బిడ్డను గుండెకు హత్తుకుని ఎలా కాపాడాలో మేడమ్ గారు చక్కగా చెప్పారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో స్లైడులు చూసినదాన్ని. బిడ్డ పుట్టకముందు సంగతి చెబుతాను.

1996 అనుకుంటాను. ఐదో నెల గర్భిణి, హిమోగ్లోబిన్‌కు రక్తం ఇచ్చి, వేలికి దూది అదుముకుంటూ అక్కడే నిలబడింది. "అక్కా, తెల్లబట్ట అవుతోంది. వాసన కూడా" అంది, గొంతు తగ్గించి. డాక్టరు గారికి చెప్పమన్నాను. "ఆయన మగాయన కదక్కా" అంది. వెనక నలభై మంది వరుసలో ఉన్నారు. పంపేశాను. ఏడో నెలలోనే నొప్పులతో వచ్చింది. బిడ్డ రెండు రోజులు బతికింది. ఆనాడు స్లైడు తీసి ఉంటే దక్కేదని ఒట్టు వేసి చెప్పలేను. తీయలేదు, అంతే.

ఆ స్లైడు మీకు తెలిసిందే, యోని స్రావాన్ని గాజు పలక మీద పూసి రంగులు వేస్తాం. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సఫ్రనిన్. అంతా బాగుంటే ఊదారంగు కడ్డీలు కనిపిస్తాయి, అవి లాక్టోబాసిల్లై, మేలు చేసే క్రిములు. అవి పోయి చిన్న క్రిములు మూగితే, చీమలు పట్టిన బెల్లం ముక్కలాగా, యోని గోడ నుంచి రాలిన కణం అంచే కనిపించదు. ఈ క్రిముల్ని లెక్కపెట్టి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసే నుజెంట్ లెక్కలో 7, ఆపైన వస్తే బాక్టీరియల్ వజైనోసిస్, అంటే యోనిలో మేలు క్రిములు తగ్గి వేరేవి పెరగడం. ఇది ఉన్న గర్భిణుల్లో ముందస్తు కాన్పులు ఎక్కువ.

వియన్నాలో ఏ బాధా చెప్పని నాలుగు వేల మందికి పైగా గర్భిణులకు, ఐదో నెల దాటకముందే ఈ స్లైడు తీశారు. సగం మంది ఫలితాలు చూసి వైద్యం చేశారు, తక్కినవారి ఫలితాలు బయటపెట్టలేదు. నెలలు నిండని కాన్పులు మొదటివారిలో నూటికి 3, రెండోవారిలో 5.3. ఇది 2004లో అచ్చయింది.

చప్పట్లు ఆపండమ్మా, కథ అయిపోలేదు. ముందస్తు కాన్పు ముప్పు తక్కువగా ఉన్న గర్భిణులకు వజైనోసిస్ కనిపించగానే క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తే ఫ్రాన్స్‌లో తేడా రాలేదు. అది 2018 మాట. అంతకుముందే అమెరికాలో, యోనిలో ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి ఉన్నా బాధ లేని గర్భిణులకు, దాన్ని చంపే మెట్రోనిడజోల్ మాత్ర పెద్ద మోతాదులో ఇచ్చారు. ముందస్తు కాన్పులు వారిలో 19 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 10.7. అందుకే అందరికీ స్లైడు తీయమని నేను అడగను. బాధ ఉన్నవారికి వైద్యం మానమనీ కాదు. ఇదివరకు నెలలు నిండకుండా కన్న తల్లి సంగతి ఇంకా తేలలేదు, నేనైతే తీస్తాను.

నా గొడవ వేరు. తెల్లబట్ట అనగానే ఇంట్లో "వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటారు. మా ఆసుపత్రిలో తల ఎత్తకుండా మాత్రలు రాసేవారు. ఇద్దరూ చూడరు. రేపు మీరు బీపీ పట్టీ చుట్టేటప్పుడు, పక్కన అత్తగారు లేకుండా చూసి, ఆ మాట మీరే అడగండి. ఆమె నోరు తెరిచి చెప్పదు. చెప్పినా నాలాంటిదానికి చెబుతుంది.

చీటీ వచ్చింది, ఆపేస్తున్నాను. కిటికీ దగ్గర మైక్రోస్కోపు పెట్టాను, పక్కన రెండు స్లైడులున్నాయి. ఏది బాగున్నదో మీరే చెప్పాలి. టీకి వెళ్లేముందు చూడండి. నూనె ఒక్క చుక్కే వేయండి, ఆ లెన్సు తుడవాల్సింది నేనే.