నిప్పురవ్వకు వేళ చెప్పే కంప్యూటర్

శ్రోతలకు నమస్కారం. పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించడం పెద్ద కష్టమేమీ కాదు. బ్యాటరీ కరెంటును కాయిల్ ద్వారా వేల వోల్టులకు పెంచి ప్లగ్ దగ్గర రవ్వ తెప్పించే పద్ధతిని చార్లెస్ కెటరింగ్ అమెరికాలో 1910 ప్రాంతంలోనే రూపొందించాడు. కష్టమంతా ఆ రవ్వ ఏ క్షణంలో పడాలన్న దగ్గరే ఉంది.

ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకు పట్టేది సెకనులో యాభయ్యో వంతు. మంట వ్యాపించడానికి కూడా కొంత వ్యవధి కావాలి కనుక పిస్టన్ పైకి చేరకముందే రవ్వ పడాలి. వేగం పెరిగితే ఇంకా ముందుగా పడాలి. అంబాసిడర్ కారులో ఈ పనిని ఒక్కో సిలిండర్‌కు వంతుల వారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న బరువులు, స్ప్రింగులు చూసుకునేవి. అందులో కరెంటును తెంపి కలిపే పాయింట్లు అరిగి టైమింగ్ తప్పితే, నల్లగొండ మెకానిక్ ఇంజన్ శబ్దం వింటూ డిస్ట్రిబ్యూటర్‌ను అటూ ఇటూ తిప్పి సరిచేసేవాడు. ఆ చెవి మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఇప్పుడు ఆ చెవి ఇంజన్‌కే బిగించి ఉంది. శ్రీశైలం ఆనకట్ట దాటి దోమలపెంట వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతున్న కారును ఊహించండి. ఎండాకాలం, కారు నిండా మనుషులు, డ్రైవరు నాలుగో గేరు వదలడు. సిలిండర్‌లో వేడి, ఒత్తిడి పెరిగిపోయి, మంట తన దాకా రాకముందే మిగిలిన పెట్రోలు ఆవిరి తనంతట తానే భగ్గుమంటుంది. మనం నాకింగ్ అనే టకటక శబ్దం అదే. పాత కారులో ఆ శబ్దం డ్రైవరుకు వినబడేది, గేరు మార్చేవాడు. నేటి చాలా కార్లలో నాక్ సెన్సర్ ఆ అదురును మనకంటే ముందే పట్టుకుంటుంది. కారులోని కంప్యూటర్ తర్వాతి రవ్వలను ఇంజన్ చుట్టులో కొన్ని డిగ్రీల మేర ఆలస్యం చేస్తుంది. అదురు ఆగాక కొద్దికొద్దిగా ముందుకు జరిపి చూస్తుంది. మళ్లీ అదిరితే మళ్లీ ఆలస్యం చేస్తుంది. ఘాట్ పొడవునా ఇదే పని, సెకనుకు ఎన్నోసార్లు ఇదే పని.

ఇంజన్ దెబ్బతినకుండా ఇది కాపాడుతుంది, నిజమే. కానీ ఆలస్యంగా పడిన రవ్వతో పికప్ తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది, ఇంజన్ ఇబ్బంది మాత్రం డ్రైవరు చెవికి చేరదు. నాకు ఈ ఏర్పాటులో నచ్చనిది అదొక్కటే.

అందువల్ల శబ్దం రావడం లేదు కదా అని ఎక్కుడు దారిలో పై గేరులోనే ఉండిపోకండి. మలుపుకు ముందే మూడో గేరుకు, అవసరమైతే రెండో గేరుకు దించండి. ఇంజన్ చుట్లు పెరుగుతాయి, ఒక్కో సిలిండర్ మీద పడే భారం తగ్గుతుంది, కంప్యూటర్ రవ్వను తిరిగి సరైన వేళకు తెచ్చుకుంటుంది.