మందు డబ్బా ముట్టేముందు ఆకు తిప్పి చూడండి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కలకు, అన్నలకు నమస్కారం. నాకిచ్చిన అంశం వానాకాలం విత్తనాల ఎంపిక. దానికి చివర్లో వస్తాను. హనుమకొండలో ఇంతమంది పెరటి తోటల వాళ్లు ఒక్కచోట దొరికినప్పుడు పురుగు మందుల సంగతి ఎత్తకుండా ఉండలేను.

మన చుట్టూ పత్తి, మిరప చేన్లు. చాలా ఇళ్లల్ల మూలకు సగం మిగిలిన మందు డబ్బా ఉంటది. పెరట్లో వంకాయకు పుచ్చు కనబడంగనే చెయ్యి దాని మీదికే పోతది. పురుగు మందు మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అది మొక్క లోపలికి ఎక్కే మందు. కాయను ఉప్పునీళ్లతో ఎంత కడిగినా లోపలిది పోదు. చేనుకు తెచ్చిన మందు పెరట్లోకి రావద్దు. పిల్లలు తినే కూర అమ్మా అది!

సరే, మిరప ముడత చూద్దాం. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకొని, కాడ సాగి, ఆకు సన్నబడితే నల్లి. మంచంలో నల్లి కాదు, ఆకు రసం పీల్చే సన్నటి పురుగు. రెండింటికీ ఒకే మందు కొట్టేవాళ్లే ఎక్కువ. తెల్లకాగితం మీద పువ్వును తట్టి చూడండి. సన్నటి నల్లటి గీతల్లా పాకితే అది 2021-22లో మన మిరప రైతును ముంచిన నల్ల తామర పురుగు కావచ్చు. దానికి నీలం రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టండి. పసుపు అట్టలు తెల్లదోమకు, పేనుబంకకు.

నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఆకు అడుగు తడవాలి, నల్లి ఉండేది అక్కడే. ఎండ 35 డిగ్రీలు దాటితే కొట్టొద్దు, ఆకు మాడుతది. యాప నూనె కొట్టిన రెండు వారాల దాకా కూడా వద్దు, కారణం అదే. పైరెత్రాయిడ్ రకం రసాయన మందులు కొట్టారా, నల్లిని తినే పురుగులు ముందు చచ్చి నల్లి ఇంకా పెరుగుతది.

యాప కషాయం పనిచేయలేదని చాలామంది అంటారు. తప్పు తయారీలో ఉంటది. పాతబడి బూజు పట్టిన గింజలు పనికిరావు. కొత్త గింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో పొద్దున నానేయండి. సాయంత్రం గట్టిగా పిండి, గ్రాము సబ్బు పొడి కలపండి. సబ్బు లేకుంటే ఆకు మీద నిలవదు. ఎండలో కొడితే దాని గుణం పోతది కాబట్టి పొద్దు గూకినంకనే కొట్టాలి. పురుగు వెంటనే చావదు. తిండి మానేసి, కుబుసం విడువలేక పోతది. వారానికోసారి కొట్టండి.

వంగ కొమ్మ చివర మధ్యాహ్నం వాడి వేలాడితే నీళ్లు తక్కువైనయ్ అనుకుంటారు. చుట్టుపక్కల కొమ్మలు నిటారుగా ఉంటే అది పురుగే. వాడినచోటికి అంగుళం కిందికి తుంచి చీల్చండి, లోపల లేత గులాబీ రంగు పురుగు దొరుకుతది. తుంచినవి పెరట్లో పడేయకుండా కాల్చేయాలి. ఈ పని మొదట్లోనే చేస్తే కాయల్లో పుచ్చు చాలా తగ్గుతది.

బీర, కాకర పిందెలు వంకరపోయి కుళ్లుతున్నాయా? పండు ఈగ. రాలిన కాయను పాదు మొదట్లోనే వదిలితే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై లేస్తది. ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి, ఎండలో పెట్టండి. మిగిలిన పిందెలకు కాగితం సంచి తొడగండి, పువ్వు వాడినంకనే.

బెండకు పల్లాకు, అంటే ఆకు ఈనెలు పసుపెక్కే తెగులు వచ్చిందా, మొక్కను పీకెయ్యండి. మందు లేదు.

ఇంకో మాట. పేనుబంక మధ్య నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకేదాన్ని చంపొద్దు. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకను తినేది అదే. జనగామ దగ్గర ఏనెబావి ఊరంతా రసాయనాలు మానేసి ఎవుసం చేసింది. చేన్లనే అది సాధ్యమైంది, పది కుండీల మిద్దె మీద కాదా చెప్పండి!

విత్తనాలకు సమయం చాలలేదు, మన్నించండి. వెనక నుంచి కోతుల గురించి అడుగుతున్నారు. నైలాన్ వల ఆగదు, చింపేస్తాయి. ఇనుప పైపుల పందిరికి వెల్డింగ్ జాలీ పైనా పక్కలా బిగించి, తలుపుకు గొళ్లెం పెట్టండి. చెయ్యి దూరే సందు ఎక్కడా ఉండొద్దు. ఖర్చుతో కూడిన పనే, కానీ కోతులు తిరిగే కాలనీల్లో ఇంతకు తక్కువ ఏదీ నిలవడం లేదు.