ఒగ్గలేని ఫోన్: లాక్కునే ముందు ఈ మాట వినండి

[రాత్రి. పెంకుటింటి అరుగు మీద ఒక కుర్రాడు. ముఖం మీద పడుతున్న ఫోన్ వెలుగు తప్ప ఇంకే వెలుగూ లేదు. లోపల పళ్ళెం పెట్టిన చప్పుడు.]

మామ్మ గొంతు: బువ్వ సల్లారిపోతంది, రారా!

కుర్రాడు: వస్తన్నానే... ఐదు నిమిషాలు.

[కెమెరాకి ఎదురుగా]

నమస్కారం. నేను పలాస దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. డాక్టర్ని కాదు. కానీ నేనిచ్చిన ఒక సలహా వల్ల ఒక పిల్లాడు ఇల్లొదిలి వెళ్ళిపోబోయాడు. అప్పట్నుంచీ ఈ ఫోన్ ఆటల పిచ్చి గురించి చదివాను, తెలిసిన మానసిక వైద్యుల్ని అడిగాను, పిల్లల పక్కన కూర్చుని ఆ ఆటలు చూశాను.

ఏడాదిన్నర కిందటి మాట. వాడప్పుడు తొమ్మిదో తరగతి. అమ్మానాన్నలు చెన్నైలో బిల్డింగు పనుల్లో ఉన్నారు. ఇక్కడ వాడూ, మామ్మా. మామ్మ జీడిపిక్కల పనికి వెళ్తుంది. ఒకరోజు స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి, జీడి రసానికి నల్లబడి తోలు లేచిన వేళ్ళతో కొంగు నలుపుకుంటూ, "గుంటడు రాత్రీ పగలూ ఫోను ఒగ్గడం నేదు మేస్టారూ, నానేటి సెయ్యాల?" అంది.

పేపర్లు దిద్దుకుంటూ, తలైనా ఎత్తకుండా చెప్పాను. "లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేసెయ్యమ్మా. రెండ్రోజులు ఏడుస్తాడు, ఊరుకుంటాడు."

మూడో రోజు వాడు బడికి రాలేదు. సాయంత్రం పలాస స్టేషన్లో దొరికాడు. చెన్నై వెళ్ళే బండి కోసం కూర్చున్నాడు.

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్. అమ్మ రాత్రిపూట చేసేది దానికే. ఆ సంగతి నేను అడగలేదు. ఇంకోటి కూడా అడగలేదు. వాడు ఫోన్‌లో ఆడేది నలుగురు జట్టుగా ఆడే తుపాకుల ఆట. వాడి స్క్వాడ్‌లో, అంటే ఆ జట్టులో, మిగతా ముగ్గురిలో ఇద్దరు ఒకప్పుడు వాళ్ళ వీధి పిల్లలే. ఒకడి కుటుంబం హైదరాబాదు, ఇంకొకడిది విజయవాడ వలసపోయింది. వాళ్ళు కలుసుకునేది రాత్రి ఆ ఆటలోనే. ఇయర్‌ఫోన్ పెట్టుకుని "రేయ్, నాక్ అయిపోయాన్రా, రివైవ్ చెయ్" అని, అంటే దెబ్బతిని పడిపోయాను, లేపండ్రా అని, వాడు అరుస్తుంటే మనకది గోల. వాడికి మాత్రం ఒకప్పుడు సాయంత్రాలు వీధిలో ఆడుకున్న ఆటే అది.

[స్క్రీన్ మీద: ఎక్కువ ఆడితే జబ్బేనా?]

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా 11వ కూర్పులో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. 2019 మే నెలలో సభ్యదేశాలు ఆమోదించాయి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రోజుకిన్ని గంటలు ఆడితే జబ్బు అన్న లెక్క అందులో లేదు. చూసేది మూడు సంగతులు. ఆపాలనుకున్నా చెయ్యి దాటిపోవడం. తిండి, చదువు, స్నేహాలు అన్నిటికంటే ఆటే ముందుకు రావడం. నష్టం కళ్ళకి కనపడుతున్నా ఆడుతూనే ఉండడం. ఇవి మామూలుగా పన్నెండు నెలలపాటు, బతుకు దెబ్బతినేంతగా ఉండాలి. మరీ తీవ్రంగా ఉంటే అన్నాళ్ళు ఆగక్కర్లేదు.

కాబట్టి వేసవి సెలవుల్లో పొద్దస్తమానం ఆడి, బడి తెరవగానే దారిలో పడే పిల్లాడు రోగి కాదు. అసలు దీన్ని జబ్బుగా రాయడమే తొందరపాటని అప్పట్లో కొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు కూడా. ఆ మూడూ ఉన్న పిల్లల్ని నా క్లాసులో చూశాక, దీనికొక పేరుండడమే మేలని నాకనిపిస్తుంది. పేరుంటేనే కదా ఆస్పత్రికి వెళ్ళి వైద్యం అడగగలం.

[భావనపాడు ఒడ్డు. ఒకాయన వల విసురుతున్నాడు.]

మరి చెయ్యి ఎందుకు దాటిపోతుంది? వల విసిరే ఈయన్ని చూడండి. విసిరిన ప్రతిసారీ పది చేపలే పడతాయని ముందే తెలిస్తే, కావలసినన్ని పట్టుకుని ఇంటికెళ్ళిపోతాడు. ఒకసారి ఖాళీ, ఒకసారి నాలుగు పరిగెలు, ఒకసారి పండుగొప్ప. అందుకే ఇంకొక్కసారి, ఇంకొక్కసారి. అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాల దగ్గర ఇదే చూశాడు. మీటని ముక్కుతో ఎన్నిసార్లు పొడిస్తే గింజ రాలుతుందో తెలియనప్పుడు పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. ఆటలో బహుమతి డబ్బా తెరిస్తే ఏ తుపాకీ స్కిన్, అంటే తుపాకీకి వేసే కొత్త రంగు, వస్తుందో తెలియకపోవడం కూడా అలాంటిదే.

డోపమిన్ అంటే సుఖాన్నిచ్చే రసాయనం అంటారు. అది సగం మాటే. అనుకున్నదానికంటే ఎక్కువ దొరికినప్పుడు, దొరకబోతోందన్న గుర్తు కనపడినప్పుడు అది ఉరకలేస్తుంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో దీన్ని కొలిచి చూపించాడు. నోటిఫికేషన్ టింగుమనగానే మన చెయ్యి జేబులోకి పోయేది అందుకే. దానికి తోడు రోజూ లాగిన్ అయితే బహుమతి, మానేస్తే ర్యాంక్ పడిపోతుందన్న భయం. మనల్ని ఆపే పని చేసే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్ళు దాటాక గానీ పూర్తిగా ఎదగదు. పధ్నాలుగేళ్ళ పిల్లాడు ఒక్కడూ ఒకవైపు, ఆ ఆటని అంత నేర్పుగా కట్టిన పెద్దలందరూ ఇంకోవైపు. వాడికి బుద్ధి లేదని తిట్టడం న్యాయం కాదు.

[స్క్రీన్ మీద: ముందు దిగులా, ముందు ఆటా?]

సింగపూర్‌లో 3,034 మంది బడిపిల్లల్ని రెండేళ్ళపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. నలుగురిలో కలవలేని పిల్లలు, ఆవేశపడి ముందూవెనకా చూడని పిల్లలు ఆటలో ఎక్కువగా కూరుకుపోయారు. కూరుకుపోయాక దిగులు, ఆందోళన, జనమంటే బెదురు పెరిగాయి, మార్కులు తగ్గాయి. అందులోంచి బయటపడ్డవాళ్ళలో ఆ బాధలు తగ్గాయి కూడా. కొన్ని ఇళ్ళలో అయితే దిగులే ముందు వస్తుంది. దాన్ని కాసేపు మరిచిపోవడానికే పిల్లాడు ఆటలోకి వెళ్తాడు. అలాంటి వాడి చేతిలో ఫోన్ తీసేస్తే దిగులు అక్కడే ఉంటుంది, దాన్ని మరిచే దారి మాత్రం పోతుంది.

రెంటికీ మధ్య నిద్ర ఉంది. మొదటి పీరియడ్ నాది. వాడు కళ్ళు తెరిచే నిద్రపోయేవాడు, బోర్డు మీద నేను మూడు మెట్లు దాటినా వాడి పెన్ను మొదటి మెట్టు దగ్గరే ఉండేది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. స్క్రీన్ వెలుగు నిద్ర తెచ్చే మెలటోనిన్‌ని వెనక్కి నెడుతుంది, ఆటలో వేడెక్కిన మనసు అంత తొందరగా చల్లారదు. నిద్ర చాలక చిరాకు, పాఠం తలకెక్కదు, మార్కులు పడిపోతాయి, ఇంట్లో తిట్లు. తిట్లు మరిచిపోవడానికి మళ్ళీ ఆట.

[కెమెరాకి ఎదురుగా]

మామ్మలకీ, అమ్మలకీ ఒక చిన్న సంగతి. ఇలా జట్టుగా ఆడే ఆటల్లో మేచ్ మధ్యలో ఆపి ఉంచే వీలు లేదు. మధ్యలో వదిలేస్తే జట్టులో మిగతావాళ్ళు ఓడిపోవచ్చు. "ఇప్పుడే ఆపు" అని మనం అన్నప్పుడు వాడికి వినపడేది "నీ స్నేహితుల్ని వదిలేసి రా" అని. ఒక్కో మేచ్ అరగంట దాకా పడుతుంది. అందుకని అన్నం వడ్డించాక పిలిచి లాభం లేదు. మేచ్ మొదలెట్టకముందే అడగండి: "ఇదయ్యాక బువ్వే కదా?" ఈ ఒక్క మాటతో ఎన్ని ఇళ్ళలో అరుపులు తగ్గాయో నేను చూశాను.

ఫోన్ తీసిన చోట ఇంకేదో పెట్టాలి. ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి జిల్లా ఇది. అలాంటి చోట సాయంత్రం ఐదయ్యేసరికి మేమే బడి మైదానానికి తాళం వేస్తూ వచ్చాం. అది తీయించడానికి రెండు నెలలు తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు రోజూ ఇరవై మంది దాకా కబడ్డీ ఆడుతున్నారు.

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివి వేరే సంగతి, అక్కడ అప్పులు కూడా తోడవుతాయి. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది.

[స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో: 14416]

పిల్లాడు రోజుల తరబడి తిండి మానేసినా, గదిలోంచి బయటికి రాకపోయినా, "చచ్చిపోతాను" అన్నా, బెదిరిస్తున్నాడని కొట్టిపారెయ్యకండి. ఒంటరిగా వదలకండి. మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అయితే ఇలాంటి సమస్యల కోసమే 2014 నుంచి షట్ అనే క్లినిక్ నడుస్తోంది.

[అదే అరుగు. ఈసారి లైటు వెలుగుతోంది.]

మా కుర్రాడు ఇప్పుడు పదో తరగతి. ఇంకా ఆడతాడు. అమ్మ ఇదివరకు పదింటికి చేసేది, ఇప్పుడు ఎనిమిదింటికే వీడియో కాల్ చేస్తోంది. తొమ్మిదిన్నరకి ఫోన్ మామ్మ చేతికిస్తే ఆవిడ బియ్యం డబ్బాలో పెడుతుంది. వారంలో ఒకటి రెండు రోజులు ఇవ్వడు. మర్నాడు మామ్మ పనికి వెళ్తూ గేటు దగ్గర ఆగి నాకు చెబుతుంది. మధ్యాహ్నం అన్నాల వేళ నేను వాడి పక్కన కూర్చుని, "నిన్న రాత్రి ఎవరెవరు ఆడార్రా?" అని అడుగుతాను.