లాన్ విత్తనం తెచ్చి ఆవుల మేతకు చల్లొచ్చా? టాల్ ఫెస్క్యూ సంగతి

నమస్కారం. హోస్కోటె, దేవనహళ్లి వైపు పాడి పెట్టుకున్న మనవాళ్లు ఒక మాట అడుగుతున్నారు. లాన్‌కి అమ్మే టాల్ ఫెస్క్యూ అనే చలిప్రాంతపు గడ్డి విత్తనం ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, బెంగళూరు ఎటూ చల్లగానే ఉంటుంది, అరెకరంలో చల్లి ఆవుల్ని తోలొచ్చా అని. వద్దండి. ఎందుకు వద్దో తెలియాలంటే గడ్డి కంటే ముందు, ఆ గడ్డి లోపల కాపురముండే ఫంగస్ గురించి చెప్పుకోవాలి.

దాని పేరు ఎపిక్లోయీ సీనోఫియాలా. కణాల మధ్య సందుల్లో పెరుగుతుంది. పైకి మచ్చా కనపడదు, బూజూ కనపడదు. నీళ్లు తక్కువైనా, పురుగు పడినా గడ్డి నిలబడేది చాలావరకు దీని చలవే. కానీ ఎర్గోవాలిన్ అనే విషాన్ని కూడా ఇదే తయారుచేస్తుంది. ఆ విషం పశువు రక్తనాళాలను బిగిస్తుంది. ఎండల్లో ఒంట్లో వేడి బయటికి పోక ఆవు రొప్పుతుంది, నీడ వదలదు, మేత తగ్గిస్తుంది. పాత బొచ్చు రాలదు. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పడిపోయి పాలు తగ్గుతాయి. చలి దేశాల్లోనైతే గిట్టలకు, తోక కొసకు రక్తం అందక కుళ్లిపోతాయి. చూడి గుర్రాలకు ఇంకా ప్రమాదం. నెలలు నిండినా ఈనవు, ఈనినా పాలుండవు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని ఒక కొండవాలు పొలంలో 1931లో కనిపించిన టాల్ ఫెస్క్యూ గడ్డి, 1943లో ‘కెంటకీ 31’ పేరుతో విడుదలైంది. ఎక్కడేసినా బతుకుతోందని రైతులు ఎగబడి వేశారు. పశువులు ఎందుకు చిక్కిపోతున్నాయో, దానికీ ఫంగస్‌కూ ఉన్న లంకె ఏమిటో 1970ల చివర్లో గానీ బయటపడలేదు.

ఇప్పుడు బ్రీడింగ్ సంగతి. టాల్ ఫెస్క్యూకి 42 క్రోమోజోములు, అంటే ఏడేసి చొప్పున ఆరు సెట్లు. మెడో ఫెస్క్యూ నుంచి రెండు, గ్లాసెసెన్స్ అనే ఇంకో ఫెస్క్యూ నుంచి నాలుగు వచ్చాయి. పైగా ఇది తన పుప్పొడిని తానే ఒప్పుకోదు, గాలికి వచ్చే పరాయి పుప్పొడే కావాలి. అందుకని వరిలాగా శుద్ధమైన రకం తీయడం కుదరదు. మంచి మొక్కల్ని ఏరి, ఒక్కోదాన్ని పిలకలుగా చీల్చి, వేరే ఫెస్క్యూ దగ్గర్లో లేని మడిలో కలగలిపి నాటుతారు. అన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. దీన్నే పాలీక్రాస్ అంటారు. ఏ తల్లి పిల్లలు బాగున్నాయో చూసి, ఆ తల్లుల్నే కలిపి సింథటిక్ రకం కడతారు. సంచిలో ఏ రెండు గింజలూ అచ్చంగా ఒకటి కావు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఫంగస్ పుప్పొడిలో రాదు, పక్క మొక్క నుంచి అంటుకోదు. తల్లి గింజలోంచే బిడ్డకు వస్తుంది. కాబట్టి బ్రీడర్ గడ్డి వంశంతో పాటు ఫంగస్ వంశం లెక్క కూడా రాసుకోవాలి. 1980ల్లో ఫంగస్ తీసేసిన రకాలు వదిలారు. పశువులు బాగుపడ్డాయి, గడ్డి మాత్రం కరువుకీ గట్టి మేపుకీ చచ్చిపోయింది. దాంతో ఎర్గోవాలిన్ తయారుచేయని ఫంగస్ కోసం వెతికారు. మొలక మొదట్లో చిన్న గాటు పెట్టి, సూదితో ఆ ఫంగస్‌ను లోపల పెడతారు. చాలా మొలకల్లో అది నిలవదు. నిలిచిన వాటినే పెంచుతారు. జెసప్ అనే టాల్ ఫెస్క్యూ రకంలో ఏఆర్ 542 అనే ఫంగస్ పెట్టి ‘మ్యాక్స్‌క్యూ’ పేరుతో అమ్ముతున్నది అలా వచ్చిందే.

లాన్ బ్రీడర్ దారి దీనికి పూర్తిగా ఎదురు. లాన్‌ని ఆవు మేయదు కదా! పురుగు రాకూడదని విషమున్న ఫంగస్‌నే ఉంచుతారు, ‘ఎండోఫైట్ ఎన్‌హాన్స్‌డ్’ అని సంచి మీద గొప్పగా వేస్తారు కూడా (ఎండోఫైట్ అంటే గడ్డి లోపలుండే ఈ ఫంగసే). ఆ మాట కనబడితే పశువుల పొలం దరిదాపులకు తేవద్దు. ఏమీ రాయకపోయినా నమ్మొద్దు, ల్యాబ్ పరీక్ష కాగితం అడగండి.

మంచి ఫంగస్ ఉన్న విత్తనమే దొరికిందనుకుందాం. వేడి షెడ్డులో ఏడాది ఉంచితే లోపల ఫంగస్ చచ్చిపోతుంది, గింజ మాత్రం మామూలుగా మొలుస్తుంది. మోసం తెలిసేది వేసవిలో గడ్డి పలచబడ్డాకే. అందుకే చల్లగా, పొడిగా ఉంచి తొందరగా వేసేయాలి. ఎకరానికి 10 కిలోలు, సెంటీమీటరు లోతు చాలు. ఏప్రిల్‌లో ఇక్కడ 34 డిగ్రీలు దాటే రోజుల్లో ఎదుగుదల కుంటుపడుతుంది, తడి తప్పనిసరి. చలి సరిపడా లేకపోతే కంకి వేయదు, సొంత విత్తనం మీద ఆశ వద్దు. నన్నడిగితే ఈ చుట్టుపక్కల పాడికి సజ్జ-నేపియర్ హైబ్రిడ్డే మేలు. సజ్జకు 14, నేపియర్‌కు 28 క్రోమోజోములు. హైబ్రిడ్‌కు 21 వచ్చి గింజ కట్టదు. రెండు కణుపుల ముక్కలు నాటుకోవడమే.

ఇప్పటికే లాన్ విత్తనం చల్లేసి ఉంటే కంకి కనిపించకముందే కోసేయండి, విషం ఎక్కువుండేది అక్కడే. నేలకంటా మేపొద్దు, కాడ మొదట్లోనూ అది ఎక్కువే. యూరియా తగ్గించండి, పప్పుజాతి మేత కలిపి పెట్టండి. చూడి గుర్రం ఉంటే ఈనడానికి రెండు మూడు నెలల ముందే అక్కణ్నుంచి తప్పించండి. ఎండబెట్టి ఎండుగడ్డి చేసినా ఆ విషం పూర్తిగా పోదు.