రాయడానికి రోజూ అరగంట: ఫోన్‌లో ఎలా పెట్టుకోవాలి, ఇంట్లో ఎలా కాపాడుకోవాలి

అందరికీ నమస్కారం. కథలో, వ్యాసాలో, చిన్నప్పటి జ్ఞాపకాలో, ఏదో ఒకటి రాయాలని మనసులో ఉండి, టైమ్ మాత్రం చిక్కని వాళ్ల కోసం ఈ వీడియో. ఎలా రాయాలి అనే సంగతి ఈ రోజు మాట్లాడను. ఎప్పుడు రాయాలి, అంతవరకే. రోజులో ఒక అరగంట తీసి పక్కన పెట్టుకోవడం, ఆ అరగంటలోకి ఇంకేదీ దూరకుండా చూసుకోవడం. స్క్రీన్ మీద కనిపిస్తున్నది నా ఫోనే, ఆండ్రాయిడ్. ఐఫోన్‌లో తేడా ఉన్న చోట చెబుతాను.

సరే, ముందు టైమ్ ఎంచుకోవాలి. ఒక కాగితం తీసుకుని, నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏం చేశారో వరసగా రాయండి. రాశారా? ఇప్పుడు ఇందులో ఖాళీ ఎక్కడుందా అని వెతక్కండి. ఖాళీ ఎవరి రోజులోనూ ఉండదు. దానికి బదులు, రోజూ తప్పకుండా జరిగే పని ఏముందో చూడండి. పిల్లల స్కూల్ బస్సు వెళ్లడం. ఆఫీసులో లంచ్ బాక్స్ మూత పెట్టడం. రాత్రి అన్నాలయ్యాక వంటిల్లు సర్దడం. వాటిలో ఒకటి పట్టుకుని, దాని వెనకాలే మీ అరగంట పెట్టండి. "ఉదయం పూట రాస్తాను" అనుకుంటే ఉదయం అలా గడిచిపోతుంది. "బస్సు వెళ్లగానే కూర్చుంటాను" అనుకుంటే బస్సు ఎలాగూ రోజూ వెళ్తుంది. ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను అని ముందే ముడిపెట్టుకున్న వాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచీ చెబుతున్నారు. చాలా ప్రయోగాల్లో అదే తేలింది.

తెల్లవారుజామునే లేచి రాయాలా అని చాలామంది అడుగుతారు. లేవగలిగితే మంచిదే. లేవలేకపోతే దాని గురించి బాధపడొద్దు. ఇంగ్లిష్ నవలా రచయిత ఆంథొనీ ట్రోలప్ పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తూనే పొద్దున్న 5.30కి బల్ల ముందు కూర్చునేవాడు, వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాసేవాడు. ఇది అందరూ చెప్పే సంగతే. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఆయన్ని నిద్ర లేపి, కాఫీ అందించడానికి ఒక పనివాడు ఉండేవాడు. ఆ ఒక్క పనికే ఏడాదికి 5 పౌండ్లు విడిగా ఇచ్చేవాడినని ట్రోలప్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. అంటే ఆ టైమ్‌ని కాపాడింది ఆయన పట్టుదల ఒక్కటే కాదు, ఇంకో మనిషి కూడా. మన ఇళ్లల్లో పొద్దున్నే కాఫీ పెట్టేది చాలాసార్లు ఆ రాయాలనుకునే మనిషే. అందుకని మీ ఇంట్లో మీకు ఏ గంట కుదురుతుందో అదే మంచి గంట.

సరే, క్యాలెండర్. ఇది త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే. గూగుల్ క్యాలెండర్, ప్లస్, ఈవెంట్. పేరు "రాత". ఎనిమిదింపావు నుంచి ముప్పావు వరకు. కింద "డజ్ నాట్ రిపీట్" అని ఉంది కదా, అది నొక్కి వారంలో ఏ రోజులు కావాలో పెట్టుకోండి. నేను ఆదివారం వదిలేస్తాను. నోటిఫికేషన్ పది నిమిషాల ముందు. సేవ్. అయిపోయింది.

ఒక్క మాట. ఆఫీసు క్యాలెండర్‌లో, లంచ్ టైమ్‌లో రాసుకునే వాళ్లు, మీ ఆఫీసు గూగుల్ అకౌంట్‌లో "ఫోకస్ టైమ్" అనే రకం ఉంటే అది వాడండి. ఆ టైమ్‌కి ఎవరైనా మీటింగ్ పెడితే దానంతట అదే కాదని జవాబు పంపేలా పెట్టుకోవచ్చు. మామూలు జీమెయిల్‌లో ఇది కనపడదు, వెతకొద్దు.

ఇప్పుడు అసలు స్టెప్. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలామంది ఈ ఒక్క చోటే వదిలేస్తారు. డు నాట్ డిస్టర్బ్.

రాసుకునేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టండి అని ఎవరైనా చెబుతారు. మరి ఎందుకు పెట్టం? భయం. ఊళ్లో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. పిల్లాడు స్కూల్లో ఉంటాడు. ఆ అరగంటలోనే ఏదైనా అవసరం వచ్చి ఫోన్ చేస్తే? ఈ టెన్షన్ మనసులో ఉన్నంతసేపు మీరు సైలెంట్ పెట్టరు, పెట్టినా రెండు నిమిషాలకోసారి ఫోన్ తిప్పి చూస్తారు. నేను కూడా ఈ సెట్టింగ్ పూర్తిగా అర్థమయ్యేదాకా దీన్ని నమ్మలేదు. కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పైన సెర్చ్‌లో డు నాట్ డిస్టర్బ్ అని కొట్టండి. ఎక్కడుందో వెతుక్కోవద్దు, ఎందుకంటే ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో చోట ఉంటుంది. కొన్నింటిలో సౌండ్ కింద, కొన్నింటిలో నోటిఫికేషన్స్ కింద, కొత్త ఫోన్లు కొన్నింటిలో మోడ్స్ అనే పేరు కింద. సెర్చ్ చేస్తే వచ్చేస్తుంది. వచ్చిందా? లోపల పీపుల్ అని ఉంది చూడండి, దాంట్లో కాల్స్. ఇక్కడ "స్టార్డ్ కాంటాక్ట్స్" ఎంచుకోండి. అంటే, మీరు కాంటాక్ట్స్‌లో ఎవరి పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టారో వాళ్ల ఫోన్లు మాత్రమే మోగుతాయి. అమ్మ, నాన్న, ఇంట్లోవాళ్లు, స్కూల్ నంబర్, పక్కింటివాళ్లలో ఒకరు. అంతే. నలుగురైదుగురు చాలు. ఇరవై మందికి స్టార్ పెడితే ఈ సెట్టింగ్ పెట్టినా పెట్టనట్టే.

దాని కిందే ఇంకొకటి, "రిపీట్ కాలర్స్". ఇది చాలామంది చూడరు, చూసినా ఏమిటో తెలియక వదిలేస్తారు. ఇది ఆన్‌లో ఉంటే, ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల లోపల రెండోసారి ఫోన్ వస్తే, అది స్టార్ లేని నంబరైనా సరే, మోగుతుంది. మళ్లీ చెబుతున్నాను. మొదటిసారి మోగదు. 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగుతుంది. నిజంగా అవసరం ఉన్న మనిషి రెండోసారి చేస్తాడు కదా. ఆసుపత్రి నుంచి కావచ్చు, దారిలో బండి ఆగిపోయిన తమ్ముడు వేరేవాళ్ల ఫోన్ నుంచి కావచ్చు. ఐఫోన్‌లో ఇదే ఫోకస్ అనే చోట ఉంటుంది, "అలో రిపీటెడ్ కాల్స్" అని. అక్కడ గడువు 15 నిమిషాలు కాదు, 3 నిమిషాలు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి: "ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యండి" అని.

అయితే గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి కూడా రెండుసార్లు చేస్తాడు, కొరియర్ కూడా చేస్తాడు. అవీ మోగుతాయి. మోగనివ్వండి. ఒకటో రెండో అనవసరపు కాల్స్ వచ్చినా ఆ భయం పోవడమే ముఖ్యం.

ఇప్పుడు తప్పకుండా చెయ్యాల్సింది, టెస్ట్. పెట్టేసి ఊరుకోవద్దు. డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేసి, ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టి, ఇంట్లో ఒకరి ఫోన్ నుంచి చేయించండి. స్టార్ ఉన్న నంబర్ మోగాలి. స్టార్ లేని నంబర్ మొదటిసారి మోగకూడదు, రెండోసారి మోగాలి. తర్వాత వాట్సాప్ కాల్ కూడా చేయించి చూడండి, ఎందుకంటే అది ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో పిల్లలున్న వాళ్లకి ఇది మరీ ముఖ్యం, వాళ్లు చేసేది ఎక్కువగా వాట్సాప్ కాలే. అది మోగకపోతే, "అర్జంటైతే మామూలు నంబర్‌కి చెయ్యి" అని వాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి.

ఇక దీన్ని రోజూ చేత్తో ఆన్ చెయ్యక్కర్లేదు. షెడ్యూల్స్ ఉంటాయి. టైమ్ అని ఒక రకం, దాంట్లో ఎనిమిదింపావు నుంచి ముప్పావు పెడితే సరిపోతుంది. నాకు ఇష్టమైనది రెండోది, ఈవెంట్. క్యాలెండర్‌లో ఈవెంట్ నడుస్తున్నంతసేపు డు నాట్ డిస్టర్బ్ దానంతట అదే ఆన్ అవుతుంది. అంటే క్యాలెండర్‌లో రాత టైమ్ సాయంత్రానికి జరిపితే, ఫోన్ నిశ్శబ్దం కూడా సాయంత్రానికి జరుగుతుంది. కాకపోతే డెంటిస్ట్ అపాయింట్‌మెంటు, పెళ్లి, అన్నింటికీ ఆన్ అయిపోతుంది కదా? అలా కాకుండా "రాత" అని విడిగా ఒక క్యాలెండర్ చేసుకుని, ఈవెంట్‌ని అందులో పెట్టి, షెడ్యూల్‌లో ఆ ఒక్కదాన్నే ఎంచుకోండి. కొత్త క్యాలెండర్‌ని కంప్యూటర్‌లో బ్రౌజర్‌లో చేసుకోవచ్చు. ఎడమ పక్కన "అదర్ క్యాలెండర్స్", దాని పక్కన ప్లస్, "క్రియేట్ న్యూ క్యాలెండర్". ఇదిగో వచ్చింది. మీ ఫోన్‌లో ఈవెంట్ అనే రకం లేకపోతే టైమ్‌తో పని కానివ్వండి.

వాట్సాప్ గ్రూపులు మ్యూట్, "ఆల్వేస్". ల్యాప్‌టాప్‌లో రాసేవాళ్లు వాట్సాప్ వెబ్ ట్యాబ్ మూసెయ్యండి, ఎఫ్ 11 నొక్కి ఫుల్ స్క్రీన్ చేసుకోండి. ముందుకెళ్దాం.

టైపింగ్ గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి చెప్పేస్తాను. నేను కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ వాడతాను, అంటే తెలుగు అక్షరాలకి నేరుగా కీలు ఉండే కీబోర్డు. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది, ఇదిగో. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతిలో ప్రతి మాటకీ కింద వచ్చే లిస్టులోంచి సరైనది ఏరుకోవాలి, వాక్యం మధ్యలో ధ్యాస అటు పోతుంది. ఇన్‌స్క్రిప్ట్ మొదట్లో చేతికి రాదు, కానీ వచ్చాక చెయ్యి ఆగదు. చేతులు నొప్పి ఉన్నవాళ్లు, నడుస్తూ చెప్పుకునేవాళ్లు, ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో మైక్ నొక్కి తెలుగులో మాట్లాడండి, బాగానే రాస్తుంది. కామాలు, ఫుల్‌స్టాప్‌లు తర్వాత పెట్టుకోవచ్చు. లాంగ్ నోట్‌బుక్, పెన్ను అంటారా, వాటికి సాటి లేదు. నా మొదటి డ్రాఫ్ట్ ఎప్పుడూ అందులోనే.

ఆ నోట్‌బుక్కే చూపిస్తాను, దగ్గరగా పెడుతున్నాను. ఇది నిన్నటి పేజీ. ఇక్కడ ఆగింది చూడండి: "సరోజ పాస్‌బుక్ తెరిచి, కళ్లజోడు సర్దుకుని చూసింది." కింద గీత. గీత కింద ఇంకో రంగు ఇంకుతో రెండు ముక్కలు: "డబ్బు తీసింది తమ్ముడు. ఆమె అరవదు, లేచి పొయ్యి కట్టేస్తుంది." ఇది ఈ రోజుకి. అంటే ఈ రోజు కూర్చోగానే ఏం రాయాలా అని ఆలోచించక్కర్లేదు, పొయ్యి దగ్గర మొదలుపెడతాను. అరగంటే ఉన్నప్పుడు "ఏం రాయాలి" అనే ఆలోచనకి పది నిమిషాలు పోతే మిగిలేది ఇరవై. అందుకని నేను చివరి రెండు నిమిషాలు రాయడం ఆపేసి, రేపటి మొదటి ముక్క రాసి మూస్తాను. కథ మంచి ఊపులో ఉన్నా సరే ఆపుతాను. ఊపులో ఉన్నప్పుడు ఆపితేనే మర్నాడు కుర్చీ దగ్గరికి కాళ్లు వాటంతట అవే వెళ్తాయి.

ఎన్ని మాటలు రాయాలి అని లెక్క పెట్టుకునే వాళ్లకి ఒక సూచన. నవంబర్ నెలలో 50,000 మాటలు, అంటే రోజుకి 1,667 అనే లెక్క ఇంగ్లిష్‌లో రాసేవాళ్ల నుంచి వచ్చింది. 1999లో మొదలైన, నెలలో నవల రాసే ఒక ఛాలెంజ్ అది. తెలుగులో విభక్తులన్నీ మాటలోనే అతుక్కుని ఉంటాయి కాబట్టి అదే విషయానికి మాటల లెక్క బాగా తగ్గుతుంది. ఆ అంకె పెట్టుకుని నిరుత్సాహపడొద్దు. అరగంట కూర్చున్నారా లేదా, అదే లెక్క.

ఇక ఇంట్లోవాళ్లు. "నాకు కాస్త టైమ్ ఇవ్వండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎంత కాస్త? ఎప్పుడు? అంకె చెప్పండి. "అత్తయ్యా, ఎనిమిదింపావు నుంచి ముప్పావు దాకా రాసుకుంటాను, ముప్పావుకి వచ్చి మీకు టిఫిన్ పెడతాను." పిల్లలకైతే గడియారం చూపించండి, పెద్ద ముల్లు తొమ్మిది మీదకి వచ్చేదాకా అని. మీరు ఆ ముప్పావుకి ఖచ్చితంగా లేవాలి, ఇది చాలా ముఖ్యం. ముప్పావు అని చెప్పి తొమ్మిదిన్నర దాకా కూర్చుంటే, రేపటి నుంచి ఆ మాటకి విలువ ఉండదు. బంధువుల ఫోన్లు కూడా అంతే. "వదినా, తొమ్మిదింటికి నేనే చేస్తాను" అని మెసేజ్ పెట్టి, తొమ్మిదింటికి నిజంగా చెయ్యండి. నాలుగు వారాలు ఇలా నడిస్తే వాళ్లే తొమ్మిది తర్వాత చెయ్యడం మొదలుపెడతారు.

ఒక రోజు తప్పిపోతే? తప్పుతుంది. జ్వరం వస్తుంది, చుట్టాలొస్తారు. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కొత్త అలవాటు కుదరడానికి ఎన్ని రోజులు పడుతుందో చూశారు. సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా వచ్చింది. 21 రోజుల్లో అలవాటైపోతుంది అని వింటుంటాం కదా, అది నమ్మి ఇరవై రెండో రోజు కూడా కష్టంగా ఉందని మానేసిన వాళ్లు నాకు తెలుసు. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడం పెద్దగా దెబ్బతినలేదు. కాబట్టి తప్పిన రోజు గురించి మర్నాడు డబుల్ రాయాలని పెట్టుకోకండి. మర్నాడు మామూలు అరగంట, అంతే.

తెలిసి తప్పే వారాలు వేరు. సంక్రాంతి వారం, ఇంట్లో పెళ్లి, పిల్లల పరీక్షలు. వాటిని ముందే క్యాలెండర్‌లో తగ్గించుకోండి, తీసెయ్యకండి. ఇదిగో, జనవరి 14 మీద ఉన్న ఈవెంట్ నొక్కాను, పెన్సిల్ గుర్తు, అరగంటని పది నిమిషాలు చేశాను. సేవ్ నొక్కగానే అడుగుతుంది చూడండి, ఈ ఒక్క ఈవెంటా, దీని తర్వాతవన్నీనా, మొత్తమా అని. ఇక్కడ జాగ్రత్త, "దిస్ ఈవెంట్" ఒక్కటే నొక్కండి. రెండోది నొక్కితే పండగ తర్వాత కూడా పది నిమిషాలే మిగులుతుంది. 13, 15 తేదీలకీ ఇలాగే విడివిడిగా చెయ్యాలి. చేస్తున్నాను, చూడండి. 13 అయింది. 15 కూడా. 16 నుంచి మళ్లీ అరగంట, మనం ముట్టుకోలేదు కాబట్టి అది అలాగే ఉంది.