నంబరు తగువు వేరు, డబ్బు తగువు వేరు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ ఇంకా కుర్చీలున్నాయి. వినియోగదారుల హక్కుల మీద మాట్లాడమని పిలిచారు గానీ అంత పెద్ద విషయం నేను ఎత్తుకోను. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ వదిలించుకోవడం ఎలా, వదిలించుకుంటూ నంబరు పోకుండా చూసుకోవడం ఎలా, ఈ ఒక్కటే చెబుతాను. మా దగ్గరకి వచ్చే ఫోన్ ఫిర్యాదులు చాలావరకు దీని చుట్టూనే తిరుగుతుంటాయి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి వెళ్లేవాళ్లకి కూడా పనికొస్తుంది. కంపెనీ మారాలనుకుంటే దుకాణానికి వెళ్లి "నా కనెక్షన్ క్లోజ్ చేయండి" అని మాత్రం అనకండి. క్లోజ్ అంటే నంబరు కూడా పోయినట్టే. పోర్ట్ పెట్టండి, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మాత్రం మార్చమని అడగండి. కొత్త కంపెనీలోకి నంబరు వెళ్లిన క్షణమే పాత కనెక్షన్ దానంతటదే ముగిసిపోతుంది, విడిగా రద్దు చేయమని అర్జీ రాయక్కర్లేదు.

ఈమధ్య ఒక రిటైర్డ్ మాస్టారికి ఇదే జరిగింది. బిల్లు ఎక్కువ వస్తోందని కంపెనీ దుకాణానికి వెళ్లి క్లోజ్ చేయమన్నారు. కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే ఫారం ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు, నంబరు ఉంచుకుంటారా అని అడగలేదు, ఈయనా చెప్పలేదు. ఇంకేముంది, సిగ్నల్ పోయింది. పెన్షన్ పడిన మెసేజ్ రాదు, బ్యాంకు ఓటీపీ రాదు, గ్యాస్ బుక్ చేద్దామంటే అదే నంబరు. ఆయన ఆపమన్నది బిల్లుని, వాళ్లు ఆపింది నంబరుని. రద్దయిన నంబర్ని కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వకూడదన్న పద్ధతి ఉండబట్టి ఆ లోపు తిరిగి తెచ్చుకోగలిగారు. ఎంత తిరిగితే వచ్చిందో ఆయన్నే అడగండి, మూడో వరసలో కూర్చున్నారు.

మన దేశంలో ఈ పోర్టింగ్ 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతా వచ్చింది. అప్పట్లో ఒక సర్కిల్, అంటే టెలికం వాళ్లు గీసుకున్న ఒక ప్రాంతం, దాని లోపలే కుదిరేది, 2015 జూలై నుంచి ఏ రాష్ట్రానికి మారినా అదే నంబరుతో వెళ్లొచ్చు. ఇక్కడ మనకో తమాషా ఉంది. రాష్ట్రం రెండయినా టెలికం వాళ్ల లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. విజయవాడ నుంచి హైదరాబాదు మారితే సర్కిల్ లోపలి పోర్ట్ కిందే లెక్క, 3 పని దినాల్లో అవుతుంది. బెంగళూరు వెళ్తే సర్కిల్ మారినట్టు, 5 పని దినాలు.

పద్ధతి చాలామందికి తెలుసు, అయినా చెబుతాను. ఇంగ్లీష్ అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కి పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, దాన్నే యూపీసీ అంటారు. మన దగ్గర అది 4 రోజులే పనిచేస్తుంది. ఆ లోపు కొత్త కంపెనీ దుకాణంలో ఆధార్‌తో కేవైసీ చేయించుకుంటే సరి. అర్జీ పెట్టాక మనసు మారితే 24 గంటల్లోపు అదే 1900కి క్యాన్సిల్ అని పంపి వెనక్కి తీసుకోవచ్చు. ఈ లావాదేవీకి టెలికం కంపెనీలని నియంత్రించే సంస్థ ట్రాయ్ పెట్టిన ఛార్జీ 6 రూపాయల 46 పైసలు, అంతే. పోర్టింగ్ ఫీజు అని వందలు అడిగితే రసీదు ఇవ్వమనండి, మాట మారిపోతుంది. ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్సు మాత్రం కొత్త కంపెనీకి రాదు, అది వదులుకోవాల్సిందే, కాబట్టి నిన్ననే ఏడాది రీఛార్జ్ చేయించినవాళ్లు కాస్త ఆగి ఆలోచించుకోండి.

యూపీసీ ఇచ్చేది ఇదివరకు మీరు వదిలేస్తున్న కంపెనీయే. వాళ్లు కోడ్ ఇచ్చేసేవారు, మీరు కొత్త సిమ్ కొనుక్కుని ఇంటికొచ్చాక ఏదో కారణం చూపించి తిరస్కరించేవారు. 2019 డిసెంబరు 16 నుంచి ఇది మారింది. ఇప్పుడు కోడ్ ఇచ్చేది మధ్యలో ఉన్న వేరే సంస్థ, అర్హత ఉందో లేదో ముందే కంపెనీని అడిగి చూసుకుని, ఉంటేనే ఇస్తుంది, లేకపోతే ఎందుకు లేదో మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ ఎంత పనికొస్తుందో జనానికి తెలియదు, చిరాకుపడి చెరిపేస్తారు. దయచేసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు ఎక్కడికెళ్లి వాదించాలన్నా మీ చేతిలో ఉండే కాగితం అదే. తప్పుడు కారణంతో తిరస్కరించిన కంపెనీకి ఒక్కో దానికి 10 వేల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం ట్రాయ్‌కి ఉంది. ఆ డబ్బు మీకు రాదులెండి, కానీ ఆ మాట ఎత్తితే అవతలి గొంతు మారడం నేను విన్నాను.

కారణాలు గాల్లోంచి రాకూడదు, నిబంధనల్లో ఉన్నవే ఉండాలి. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండకపోవడం ఒకటి. పేరు మార్పు అర్జీ నడుస్తుండటం, కోర్టులో వివాదం ఉండటం, ఒప్పందంలో ఎగ్జిట్ క్లాజు, అంటే మధ్యలో వదిలేస్తే వర్తించే షరతు, దాని కింద తీర్చాల్సింది మిగిలి ఉండటం, ఇవన్నీ ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి ఇంకొకటి చేరింది, పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకుంటే 7 రోజుల దాకా కోడ్ ఇవ్వరు. ఇది మంచికే పెట్టారు, మన సిమ్‌కి దొంగచాటుగా డూప్లికేట్ తీసి, వెంటనే వేరే కంపెనీకి మార్చేసి బ్యాంకు ఖాతా ఊడ్చేసేవాళ్లు తయారయ్యారు కాబట్టి. ఆ మాటకొస్తే యూపీసీ కూడా ఓటీపీ లాంటిదే, ఫోన్లో ఎవరు అడిగినా చదివి వినిపించకండి.

2021 చివర్లో అయితే ఇంకో చోద్యం. రేట్లు పెంచినప్పుడు కొన్ని కంపెనీల చవక ప్లాన్లలో బయటికి ఎస్సెమ్మెస్ పంపే సౌకర్యమే లేదు. పోర్ట్ మెసేజ్ పంపాలంటే ముందు ఇంకా పెద్ద రీఛార్జ్ చేయించుకోవాలి, అంటే బయటికి పోవడానికి కూడా టికెట్టు కొనాలన్నమాట. ఆ డిసెంబరులో ట్రాయ్ కల్పించుకుని, ఏ ప్లాన్‌లో ఉన్నా 1900కి మెసేజ్ వెళ్లాల్సిందేనని ఆదేశించింది. ఇప్పుడూ ఎవరైనా "మీ ప్లాన్‌లో ఎస్సెమ్మెస్ లేదు సర్" అంటే ఆ ఆదేశం సంగతి గుర్తుచేయండి.

పోస్ట్‌పెయిడ్ వాళ్ల అసలు టెన్షన్ బిల్లు. చేతికొచ్చిన బిల్లు గడువు తేదీ దాటి బకాయి ఉంటే కోడ్ రాదు. గొడవ అంతా ఇక్కడే. వాడని సర్వీసుకి 600 వేశారనుకోండి, మీకు ఒళ్లు మండుతుంది, "రూపాయి కట్టను" అంటారు. న్యాయమే. కానీ కట్టనంతకాలం నంబరు వాళ్ల గుప్పిట్లో ఉంటుంది, నెల తిరిగేసరికి మళ్లీ అద్దె పడుతుంది, ఇంకో బిల్లు వస్తుంది. అందుకే నేను మొండిగా ఒకటే చెబుతాను, నంబరు తగువుని డబ్బు తగువుతో కలపకండి. ముందు మీ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఫలానా మొత్తం తప్పు అని ఫిర్యాదు రాయించి డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదు నంబరు, తీసుకోండి. ఆ తర్వాత "అభ్యంతరంతో కడుతున్నాను" అని ఒక మెయిల్ పెట్టి బిల్లు కట్టేయండి. పోర్ట్ పెట్టి బయటపడండి. ఆ 600 కోసం తీరిగ్గా పోట్లాడొచ్చు, ఈసారి పీక మీద కత్తి ఉండదు. పౌరుషం చాలదని మా మిత్రులు కొందరు నన్ను తిడతారు, తిట్టనివ్వండి.

పోర్ట్ మెసేజ్ పంపగానే ఒక ఫోన్ వస్తుంది, సిద్ధంగా ఉండండి. "సర్, మీరు మా పాత కస్టమర్, మీకోసం ప్రత్యేకంగా సగం రేటుకి ఇస్తున్నాం, రిక్వెస్ట్ వెనక్కి తీసుకుంటారా?" అని తేనె పూసినట్టు మాట్లాడతారు. "సరేనమ్మా, ఆ ఆఫర్ ఎన్ని నెలలో మెసేజ్ పెట్టు" అనండి. పెడితే ఆలోచించండి. పెట్టలేదంటే ఆ ఆఫర్ ఆ ఫోన్‌తోనే అయిపోయిందని అర్థం.

బయటపడ్డాక ఇంకో చిక్కు. చివరి బిల్లు తేదీ నుంచి పోర్ట్ అయిన రోజు దాకా వాడుకకి ఆఖరి బిల్లు వస్తుంది. "నేను వెళ్లిపోయానుగా, ఇక నాకేంటి" అని పారేస్తారు. పాత కంపెనీ బకాయి ఉందని చెబితే కొత్త కంపెనీ మీకు నోటీసిచ్చి సర్వీసు ఆపేయొచ్చు, నిబంధనల్లోనే ఉంది. కొన్నిసార్లు మూడు వందల బాకీకి కూడా లాయరు నోటీసు వస్తుంది. బ్యాంకులో ఆటో పే పెట్టినవాళ్లు ఆఖరి బిల్లు కట్టి, బకాయి లేదని మెయిల్ తెప్పించుకున్నాకే దాన్ని ఆపండి. ముందే ఆపితే ఆ ఆఖరి బిల్లే మిగిలిపోతుంది. డిపాజిట్ కట్టి ఉంటే అదీ అడగండి, అడగకపోతే ఎవరికీ గుర్తుండదు.

నంబరు ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో అమ్మ ఫోన్ నాన్న పేరు మీద ఉంటుంది, నాన్న పోయాక కూడా అలాగే నడుస్తుంటుంది. పోర్ట్ పెట్టే రోజు కేవైసీలో పేరు కుదరదు. ముందు మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల గుర్తింపు కాగితాలు పెట్టి పేరు మార్పించుకోవాలి, అది పూర్తయ్యాకే పోర్ట్. ఉద్యోగం చేసే మీ పిల్లలకి చెప్పండి, ఆఫీసు ఇచ్చిన నంబరుని బ్యాంకుకీ ఆధార్‌కీ ఇచ్చి ఉంటే రాజీనామా చేసేలోపే యాజమాన్యం దగ్గర అనుమతి లేఖ తీసుకుని సొంత పేరుకి మార్చుకోమని. బయటికొచ్చాక అడిగితే హెచ్ఆర్ వాళ్లు ఫోన్ ఎత్తరు. అమెరికాలో ఉన్న పిల్లల ఇక్కడి నంబర్లకైతే వేరే బెంగ. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు అసలు వాడకపోతే రద్దు చేసే వీలుంది, ఖాతాలో 20 రూపాయలు ఉంటే అవి కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. అందుకని కొంచెం బ్యాలెన్సు పడేసి ఉంచడం మంచిది.

ఇంత చేసినా వినకపోతే? 198లో పని జరక్కపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, అప్పీలు ఉచితం, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి ఉత్తరం రాస్తే ఒక్కొక్కరి గొడవ వాళ్లు విచారించరు, కంపెనీకే పంపిస్తారు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఒకప్పుడు "టెలిఫోన్ గొడవలు ఇక్కడ వినం, టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం మధ్యవర్తి దగ్గరకి వెళ్లండి" అని తిప్పి పంపేవారు, 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించి. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే సుప్రీంకోర్టు, వినియోగదారుల ఫోరాలు వినొచ్చని తేల్చేసింది. ఆ కేసు కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అహ్మదాబాదులో ఒకాయన నెలకి 249 రూపాయల ప్లాన్‌కి 2013లో 24 వేల పైచిలుకు బిల్లు వేశారు. బిల్లు తప్పా ఒప్పా అన్నది అలా ఉంచండి, ఆయన అక్కడ అడగొచ్చా అన్న ప్రశ్నకే అన్నేళ్లు పట్టింది. ఆయన ఓపిక వల్ల ఇవాళ మీకు ఆ అడ్డంకి లేదు. మీరు ఉన్న జిల్లాలోనే, రెండేళ్లలోపు, ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, చిన్న మొత్తాలు కొన్నిసార్లు అక్కడే తేలిపోతాయి.

సరే, ప్రశ్నలకి వద్దాం. బిల్లులు తెచ్చినవాళ్లు బయటికి తీయండి. మొత్తం ఎంతో తర్వాత చూద్దాం, ముందు గడువు తేదీ ఎక్కడుందో వెతికి దాని మీద వేలు పెట్టి ఉంచండి. మాస్టారూ, మీతోనే మొదలుపెడదామా?